కబడ్డీ ఆడే అమ్మాయిల మోకాళ్ల కోసం ఒక యాప్: ఏడాది వాడాక

నేను విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. 'గెట్ సెట్' అనే యాప్ చూసి మా కబడ్డీ, వాలీబాల్ అమ్మాయిలు ఇరవై రెండు మందితో ఒక విద్యా సంవత్సరం మొత్తం ఆటలో గాయాలు కాకుండా కాపాడే వ్యాయామాలు చేయించాను. యాప్ మంచిది. డబ్బులు అడగదు. ఆడే పిల్లలున్న ప్రతి బడిలో పీఈటీ ఒక్కసారైనా తెరిచి చూడాల్సింది. కానీ ఫోన్ పిల్లల చేతిలో పెట్టి 'ఇందులో చూసి చేసుకోండమ్మా' అని మనం పక్కకు వెళ్లిపోతే మాత్రం పని జరగదు. అలా ఎందుకు జరగదో నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఇంకొకరికి ఆ మూడు నెలలు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

రెండేళ్ల కిందట జోనల్ పోటీల్లో మా తొమ్మిదో తరగతి రైడర్‌కి మోకాలు పోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తోయలేదు. బోనస్ గీత దాటి వెనక్కి తిరిగేటప్పుడు కుడి పాదం మ్యాట్ మీద ఆనింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. టక్‌మన్న చప్పుడు కోర్టు బయట ఉన్న నాకు వినిపించింది. వాపు తగ్గితే సరిపోతుందని ఇంట్లోవాళ్లు నెల రోజులు కట్టు కట్టించారు. వాపు తగ్గింది గానీ మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతోందని పిల్ల ఏడ్చింది. చివరికి విశాఖలో ఎంఆర్ఐ తీయిస్తే ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్, పూర్తిగా తెగిందన్నారు. సర్జరీ అయింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. ఆ ఏడాది ఆ ఇంట్లో పడిన టెన్షన్ నేను చూశాను.

సర్జరీ తరవాత ఫిజియోథెరపీకి ఒకరోజు నేనూ తోడు వెళ్లాను. ఒంటికాలి మీద నిలబెట్టడం, మెల్లగా గుంజీ తీయించడం, చిన్న గెంతు గెంతించి మోకాలు ఎటు పోతోందో చూడడం, ఇవే చేయిస్తున్నారు. "ఇవే వ్యాయామాలు దెబ్బ తగలకముందే చేయించే పద్ధతి ఉంది మేడమ్, అందుకు యాప్ కూడా ఉంది" అని ఆ ఫిజియో అమ్మాయి అంది. ఆ మాట విన్నాక బస్సులో ఇంటికి వచ్చినంతసేపూ నాకు మనసు మనసులో లేదు. పదిహేనేళ్లుగా నేను చేయిస్తున్న వార్మప్ ఏమిటి? గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు, ఆ తరవాత వంగి బొటనవేళ్లు పట్టుకోవడం. నేను కాలేజీలో ఆడినప్పుడు మా సార్ మాతో చేయించింది కూడా అదే.

ఈ వ్యాయామాలనే న్యూరోమస్కులర్ ట్రైనింగ్ అంటారు. పేరు పెద్దదే గానీ విషయం తేలిక. దూకి దిగినప్పుడు, పరుగులో టక్కున మలుపు తిరిగినప్పుడు తుంటి, మోకాలు, చీలమండ ఒక వరసలో ఉండాలి. మోకాలు లోపలికి వాలిపోయి ఒళ్లు ఇంకోవైపు తిరిగితే లిగమెంట్ మీద భారం పడుతుంది. పాదం నేలకు తగిలాక సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే లిగమెంట్ తెగిపోతుందని, గాయం జరిగిన మ్యాచ్‌ల వీడియోలను కొలిచి చూసినవాళ్లు తేల్చారు. అంత తక్కువ సమయంలో 'అయ్యో, మోకాలు వాలిపోతోంది' అనుకుని సర్దుకోవడం ఎవరివల్లా కాదు. ఆ సర్దుబాటు ముందే ఒంటికి అలవాటై ఉండాలి. నరాలకూ కండరాలకూ ఆ అలవాటు చేయించడమే ఈ ట్రైనింగ్. అమ్మాయిలకు ఇది ఇంకా ముఖ్యం. పన్నెండు, పదమూడేళ్లప్పుడు కాళ్లు ఒక్కసారిగా పొడవు సాగుతాయి, ఒంటి బరువు పెరుగుతుంది, ఆ పొడవుకూ బరువుకూ తగిన పట్టు తుంటి కండరాలకు అంత త్వరగా రాదు. ఒకే రకం ఆట ఆడే అబ్బాయిలకన్నా అమ్మాయిలకే ఏసీఎల్ ఎక్కువగా తెగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

'గెట్ సెట్' యాప్‌ను నార్వేలోని ఓస్లో క్రీడా గాయాల పరిశోధన కేంద్రం, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కలిసి తయారుచేశాయి. 2014లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్ సమయంలో విడుదలైంది. యాప్ తెరవగానే ఆట పేరుతో వెతుక్కోవచ్చు, లేదా శరీర భాగం పేరుతో వెతుక్కోవచ్చు. ప్రతి వ్యాయామానికీ చిన్న వీడియో ఉంటుంది, తేలిక నుంచి కష్టం దాకా మెట్లుంటాయి. ఈ మెట్లే నాకు అన్నిటికన్నా నచ్చాయి. మా బడిలో ఏడో తరగతి పిల్లా పదో తరగతి పిల్లా ఒకే జట్టులో ఉంటారు. ఇద్దరిచేతా ఒకే వ్యాయామం చేయించాలి, ఇద్దరికీ వేరే మెట్టు కావాలి. ఆ ఆలోచన నా అంతట నాకు రాలేదు, యాప్ చూశాకే వచ్చింది.

ఇది ఒలింపిక్ ఆటల కోసం చేసిన యాప్. అందుకే కబడ్డీ లేదు, ఖోఖో లేదు. తెలుగూ లేదు. మొదట కొంచెం నీరసం వచ్చింది. తరవాత హ్యాండ్‌బాల్ తెరిచి చూశాను. పరుగులో ఆగడం, ఒక పక్కకు ఒళ్లు చూపించి ఇంకో పక్కకు వెళ్లడం, ఒంటికాలి మీద దిగడం, ఎదుటివాళ్లు గుద్దుకున్నా నిలబడడం ఆ ఆటలో ఉన్నాయి. మా రైడర్లు చేసేదీ అదే. కాబట్టి కబడ్డీ పిల్లలకు హ్యాండ్‌బాల్ వ్యాయామాలు, దానికి తోడు శరీర భాగాల్లో మోకాలు, చీలమండ తీసుకున్నాను. కార్నర్‌లో ఆడేవాళ్లకు భుజం కూడా కలిపాను. ఆంకిల్ హోల్డ్‌కి, అంటే రైడర్ చీలమండ పట్టుకోవడానికి, దూకినప్పుడు భుజం మీద పడేది వాళ్లే.

హ్యాండ్‌బాల్ ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా హెడ్మాస్టర్‌ని సమయం అడగాలంటే నా దగ్గర గట్టి ఆధారం ఉండాలి. ఆటల పీరియడ్ నలభై నిమిషాలు, అందులో పదిహేను నిమిషాలు 'గెంతులకు' పోతే ఆట ఎప్పుడు ఆడతారని ఎవరైనా అడుగుతారు. నార్వేలో 120 హ్యాండ్‌బాల్ క్లబ్బుల్లో పదిహేను నుంచి పదిహేడేళ్ల పిల్లలు 1837 మందితో చేసిన పరిశోధన 2005లో వచ్చింది. ఇలాంటి వార్మప్ చేసిన జట్లలో మోకాలు, చీలమండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. 2008లో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలు 1892 మందితో ఇంకోటి చేశారు. అందులో చేయించిన వార్మప్‌నే ఇప్పుడు '11 ప్లస్' అంటున్నారు. ఆ జట్లలో గాయపడినవాళ్లు మూడో వంతు దాకా తగ్గారు, తీవ్రమైన గాయాలు ఇంకా బాగా తగ్గాయి. స్వీడన్‌లో నాలుగున్నర వేల మందికి పైగా అమ్మాయిలతో వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున 'నీ (Knee) కంట్రోల్', అంటే మోకాలి అదుపు, అనే కార్యక్రమం చేయిస్తే ఏసీఎల్ గాయాలు దాదాపు మూడింట రెండు వంతులు తగ్గాయని 2012లో ప్రకటించారు. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి హెడ్మాస్టర్ టేబుల్ మీద పెట్టాను. ఆయన లెక్కల మాస్టారు. రెండుసార్లు చదివి, "వారానికి మూడు రోజులు తీసుకోండమ్మా" అన్నారు.

ఇక గ్రౌండ్‌లో ఏం జరిగిందో చెప్తాను.

మొదటి వారం ఫోన్ చుట్టూ ఇరవై రెండు మంది మూగారు. సాయంత్రం ఎండలో స్క్రీన్ కనిపించదు. ముందు వరస చూసి చెప్తే వెనక వరస విని చేస్తుంది, అంతే. వీడియోలో చేసే అమ్మాయి మోకాలు ఎంత నిటారుగా ఉందో, తన మోకాలు ఎటు పోతోందో ఆ పిల్లకు తెలియదు. తాను చేస్తున్నదీ అచ్చం వీడియోలో ఉన్నట్టే ఉందనుకుంటుంది. ఎవరి మోకాలు వాళ్లకు కనిపించకపోవడమే ఇందులో అసలు కష్టం. కిందికి చూస్తే తల వంగుతుంది, నడుం వంగుతుంది, అప్పుడు వ్యాయామమే మారిపోతుంది.

ఇంకో చిక్కు వచ్చింది. స్క్వాట్‌కి మన మాట గుంజీ. గుంజీ అంటే మన పిల్లలకు శిక్షే. "ఏటి మేడమ్, గుంజీలు తీయిస్తన్నారు? మేమేం తప్పు సేసినాం?" అని ఎనిమిదో తరగతి పిల్ల నిజంగా బాధపడి అడిగింది. మర్నాడు వాళ్లమ్మ బడికి వచ్చింది. ఆమెను గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి, సర్జరీ అయిన పిల్ల మోకాలి మీద కుట్లు చూపించి, ఈ గుంజీలు దేనికో చెప్పాను. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ తరవాత నేను 'గుంజీ' అనడం మానేసి 'కుర్చీ' అన్నాను. వెనక కుర్చీ ఉన్నట్టు కూర్చోండి, కుర్చీ తాకకముందే లేవండి. ఈ మాట పిల్లలకు బాగా పట్టింది. కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేసిన పీఈటీ ఒకాయన ఇంకో కిటుకు చెప్పారు. పాదాలతో నేల మీద ఉన్న దుప్పటిని రెండు పక్కలకూ చీలుస్తున్నట్టు నొక్కితే మోకాళ్లు వాటంతట అవే బయటికి నిలుస్తాయి. యాప్‌లో చూసి నేర్చుకున్న వ్యాయామానికి ఈ ఒక్క మాట తోడైతే ఎంత తేడా వచ్చిందో కళ్లారా చూశాను.

ఈ మధ్యలో కెమెరాతో ఒంటి కదలికను చూసి మార్కులేసే యాప్ ఇంకొకటి వాడి చూశాను. దాని పేరు చెప్పను, నెలనెలా డబ్బు కట్టేది. ఫోన్‌ను ఇటుక మీద ఆనించి పిల్లను ఎదురుగా నిలబెడితే 'వందకు డెబ్బై నాలుగు' అని చెప్తుంది. నాకు సాయం చేస్తుందనే ఆశతోనే తీసుకున్నాను. మా పిల్లల ట్రాక్ ప్యాంట్లు వదులుగా ఉంటాయి, వెనక నుంచి ఎండ కొడుతుంది, మోకాలు ఎక్కడుందో అది పట్టుకోలేకపోయింది. అంతకన్నా పెద్ద బాధ, పిల్లలు మార్కుల వెంట పడ్డారు. పక్క పిల్లకు ఎనభై రెండు వచ్చిందని గబగబా చేయడం మొదలుపెట్టారు. నిదానంగా చేయాల్సిన పనిలో అది చాలా ప్రమాదం. పైగా ఎదిగే ఆడపిల్లల వీడియోలు నా ఫోన్ నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో నాకు తెలియదు. తల్లిదండ్రులు అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. పది రోజుల్లో తీసేశాను. పిల్లలను వీడియో తీయమనే యాప్ ఏదైనా సరే, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా వాడొద్దని తోటి పీఈటీలను గట్టిగా కోరుతున్నాను.

అప్పుడు దారి చూపింది సర్జరీ అయిన పిల్లే. పదో తరగతిలోకి వచ్చింది. ఆడడానికి ఇంకా డాక్టర్ ఒప్పుకోలేదు. ఆటల పీరియడ్‌లో వేపచెట్టు కింద కూర్చుని చూసేది. ఒకరోజు కూర్చున్న చోటి నుంచే, "ఒసే, నీ ఎడమ మోకాలు లోనకి పోతంది, సూసుకో" అని అరిచింది. నేను అటు చూశాను. నిజమే. నాకు కనిపించనిది ఆమెకు కనిపించింది. ఎనిమిది నెలలుగా ఫిజియో ముందు తన మోకాలి గురించి రోజూ వింటున్న మాట అది. మర్నాటి నుంచి ఆమెకు కుర్చీ వేసి వరస ఎదురుగా కూర్చోబెట్టాను. ఆ తరవాత పిల్లలందరినీ జంటలుగా చేశాను. ఒకరు చేస్తారు, ఒకరు ఎదురుగా నిలబడి మోకాలు మాత్రమే చూస్తారు. 'లోనకి' అనే ఒక్క మాట చాలు. తరవాత మార్చుకుంటారు. ఫోన్ మాత్రం నా బ్యాగులోనే ఉంటుంది. ముందు రోజు రాత్రి ఇంట్లో వీడియో చూసుకుని, వ్యాయామాల వరస చార్ట్ మీద నా చేత్తో రాసి తెచ్చేదాన్ని.

మా పావుగంట వరస ఇదీ. ముందు మెల్లగా పరుగు, మధ్యమధ్య ఆగడం, పక్కకు జరగడం. తరవాత ఒంటికాలి మీద నిలబడడం. మొదట ఊరికే, రెండు వారాలకు బంతి విసురుకుంటూ, ఇంకొన్ని వారాలకు జంట మనిషి భుజం మీద చిన్నగా తోస్తుంటే పడిపోకుండా. ఆపైన కుర్చీ, లంజ్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఆపడం). చివర్లో గెంతులు. గెంతులకు మన తొక్కుడుబిళ్ల గడులు గీశాను. ఒంటికాలితో గడిలో దిగాలి, మూడు లెక్కపెట్టేదాకా కదలకూడదు, చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చిందంటే మోకాలు వంగకుండా బిగుసుకుని దిగిందని అర్థం. యాప్‌లో ఒంటికాలి గెంతు వివరం చదువుతుంటే నాకు చిన్నప్పటి మా వాకిలి గుర్తొచ్చింది. తొక్కుడుబిళ్ల ఆడి పెరిగిన పిల్లలకు ఈ మెట్టు వారంలో వచ్చేసింది. ఆడనివాళ్లకు నెల పట్టింది.

నార్డిక్ అనే వ్యాయామం విషయంలో నేను తప్పు చేశాను. మోకాళ్ల మీద నిలబడితే జంట మనిషి చీలమండలు పట్టుకుంటుంది. నడుం వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. తొడ వెనక కండరం గట్టిపడడానికి దీన్ని మించింది లేదు. మూడు నుంచి ఐదుసార్లతో మొదలుపెట్టాలి. నేను మొదటి రోజే పదిసార్లు చేయించాను. మర్నాడు నలుగురు బడికి రాలేదు, కూర్చుంటే లేవలేకపోయారట. మెట్లు ఉన్నది ఎందుకో ఆ రోజు అర్థమైంది. పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుని రెండు వారాలు మూడేసి మాత్రమే చేయించాను.

ఆగస్టులో వానలు. గెంతులు ఆపేసి వరండాలో ఒంటికాలి నిలకడ, ప్లాంక్ చేయించాను. సిమెంటు మీద దూకించలేదు. ఈ ట్రైనింగ్‌లో విరామం రాకుండా చూడడమే సగం పని. ఎక్కువసార్లు క్రమంగా చేసిన జట్లకే ఎక్కువ మేలు జరిగిందని ఆ పరిశోధనల్లోనూ ఉంది. పరీక్షలని, జెండా పండగ రిహార్సల్ అని మన బళ్లలో ఆటల పీరియడ్‌నే ముందు తీసేస్తారు. ఆ రోజుల్లో పొద్దున ప్రార్థనకు ముందు పది నిమిషాలు చేశాం.

మ్యాట్ గురించి ఒక మాట, ఇది ఏ యాప్‌లోనూ దొరకదు. మా పిల్లలు ఏడాదంతా మట్టిలో వట్టి కాళ్లతో ఆడతారు. మట్టిలో పాదం కొంచెం జారుతుంది, ఆ జారడమే మోకాలిని కాపాడుతుంది. పోటీలకు వెళ్తే అక్కడ మ్యాట్, షూ. పాదం అతుక్కున్నట్టు ఆగిపోతుంది. అలవాటు లేని ఆ పట్టులోనే మా రైడర్ మోకాలు తిరిగింది. అందుకని ఈసారి పోటీలకు నెల ముందు నుంచే షూ వేయించి మలుపులు ప్రాక్టీస్ చేయించాను. ఒకరి షూ ఇంకొకరు వేసుకోవడం మాన్పించాను. వదులు షూలో పాదం ఒకచోట, షూ ఒకచోట ఉంటుంది.

ఫలితం ఏమిటని అడుగుతారు. ఏడాదిలో మోకాలి గాయం ఒక్కటీ కాలేదు, చీలమండ బెణుకులు రెండు అయ్యాయి. ఇరవై రెండు మందితో, ఒక్క ఏడాదితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. నేను నమ్మేది పైన చెప్పిన పెద్ద లెక్కలనే. కానీ కళ్లకు కనిపించిన మార్పు ఒకటుంది. జూన్‌లో బెంచీ మీద నుంచి దిగమంటే పదిహేను మంది మోకాళ్లు లోపలికి వాలేవి, ఫిబ్రవరికి నలుగురివే వాలాయి. ఆటలోనూ తేడా వచ్చింది. రైడర్లు పరుగులో టక్కున ఆగి దిశ మార్చగలుగుతున్నారు. పిల్లలకు ఈ మాటే చెప్పాలి. గాయం కాదంటే పద్నాలుగేళ్ల పిల్లకు పట్టదు, పాయింట్ వస్తుందంటే రేపు ముందే వచ్చి నిలబడుతుంది.

యాప్ ఎవరికి పనికొస్తుంది అంటే, పీఈటీలకూ కోచ్‌లకూ తప్పకుండా. ఇంటిదగ్గర బ్యాడ్మింటన్, టెన్నిస్ ఆడే పిల్లలున్న అమ్మానాన్నలకు కూడా, పిల్ల చేస్తున్నంతసేపు ఎదురుగా నిలబడి మోకాలు చూసే ఓపిక ఉంటే. ఒంటరిగా ఫోన్ పెట్టుకుని చేసుకునే పిల్లకు నేను చెప్పను. ఇప్పటికే మోకాలు వాచి ఉన్న పిల్లకైతే అసలు వద్దు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కబడ్డీకి, ఖోఖోకి ఇలాంటి వరస ఒకటి తెలుగు మాటలతో, మట్టి గ్రౌండ్‌లో వట్టి కాళ్లతో చేసే మన పిల్లల వీడియోలతో ఎవరైనా తయారుచేస్తే బాగుండు. నా చార్టులు ఇవ్వడానికి నేను సిద్ధం.

సర్జరీ అయిన పిల్ల ఈ జూన్‌లో ఇంటర్‌లో చేరింది. కాలేజీ ఊళ్లోనే కాబట్టి శనివారాలు వస్తానంది. వెళ్లేముందు ఎనిమిదో తరగతి పిల్లలిద్దరిని వేపచెట్టు కింద తన పక్కన కూర్చోబెట్టుకుని నెల రోజులు చూడడం నేర్పింది. మొన్న సోమవారం కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లలను మొదటిసారి వరసలో నిలబెట్టాను. కుర్చీ అనగానే అందరూ వంగారు. నేను నోరు తెరవకముందే ఆ ఇద్దరూ ఒకేసారి "లోనకి!" అన్నారు.